‘1850 తర్వాత ఇదే అత్యధికం’ అంటే ఏమిటి? ఓడల లాగ్‌బుక్కుల నుంచి వాతావరణ చరిత్రను రాబట్టే తీరు

సముద్ర జలాలు రికార్డు స్థాయికి వేడెక్కాయని 2023, 2024 సంవత్సరాలలో వరుసగా వార్తలు వచ్చాయి. వాటిలో చాలా చోట్ల ‘1850 తర్వాత ఎన్నడూ లేనంతగా’ అన్న మాట కనిపించింది. ఆ మాట దగ్గరే చాలామందికి సందేహం కలుగుతుంది. 1850లో ఉపగ్రహాలు లేవు. మొదటి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1 కక్ష్యలోకి చేరిందే 1960 ఏప్రిల్‌లో. నడిసముద్రంలో తేలుతూ తమంతట తామే ఉష్ణోగ్రతను పంపే బోయాలు కూడా అప్పటికి లేవు. అలాంటప్పుడు ఆ కాలపు సముద్రాన్ని ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఆ కొలతను నేటి కొలత పక్కన పెట్టి పోల్చడం ఎంతవరకు సబబు?

కొలిచినవారు నావికులు. ఎక్కువగా బక్కెట్టుతో నీళ్లు తోడి, అందులో థర్మామీటరు ముంచి కొలిచారు. ఆ అంకెను ఓడ లాగ్‌బుక్కులో రాశారు. దాన్ని నేటి అంకెతో పోల్చవచ్చు. అయితే ఆ బక్కెట్టును దేనితో చేశారో, రాసిన తేదీ ఏ పూట మొదలైందో, ఓడ ఉన్న చోటును ఎక్కడి నుంచి లెక్కపెట్టారో తెలిసినంత మేరకే ఆ పోలికకు బలం ఉంటుంది. ఈ వివరాలను ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ రావడమే గత నలభై ఏళ్లుగా సముద్ర వాతావరణ చరిత్రకారులు చేస్తున్న పని.

లాగ్‌బుక్కులో రోజూ ఏమి రాసేవారు

ఓడ నడక వివరాలను వేళ తప్పకుండా రాసే పుస్తకమే లాగ్‌బుక్కు. ఓడ ఏ దిక్కుగా పోతోంది, ఎంత వేగంతో పోతోంది, గాలి ఎటు నుంచి ఎంత బలంగా వీస్తోంది, ఆకాశం ఎలా ఉంది, మధ్యాహ్నానికి ఓడ ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉంది అన్నవి అందులోని ముఖ్యమైన గళ్లు. తెరచాపల కాలంలో వేగాన్ని ఒక తాడుతో కొలిచేవారు. తాడు చివర చెక్క ముక్క కట్టి నీటిలోకి వదిలి, ఇసుక గడియారం 28 సెకన్లు గడిచేలోగా చేతిలోంచి ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవారు. ముడికీ ముడికీ మధ్య దూరం 47 అడుగుల 3 అంగుళాలు. ఆరు ముడులు జారితే వేగం ఆరు నాట్లు, అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు.

ఈ శ్రమంతా వాతావరణ శాస్త్రం కోసం పడినది కాదు. కనుచూపు మేరలో ఒడ్డు లేనప్పుడు, మబ్బు పట్టి సూర్యుడూ నక్షత్రాలూ కనిపించనప్పుడు ఓడ ఎక్కడుందో తెలుసుకోవడానికి నడిచిన దిక్కు, వేగం, గాలి పక్కకు నెట్టిన దూరం తప్ప మరో ఆధారం ఉండేది కాదు. పైగా ఓడ దెబ్బతిన్నా, సరుకు పాడైనా విచారణలో లాగ్‌బుక్కే సాక్ష్యం. అందువల్ల ఏమీ జరగని రోజున కూడా గడి ఖాళీగా వదలడానికి వీలుండేది కాదు.

వాతావరణ చరిత్రకు ఈ సాదాసీదా రోజులే ప్రాణం అని నా అభిప్రాయం. పెనుతుపానును వర్ణించిన ఉత్తరాలు, జ్ఞాపకాలు చదవడానికి ఆసక్తిగా ఉంటాయి కానీ, అలాంటివి మాత్రమే మిగిలి ఉంటే ఆ తుపాను ఎంత అరుదైనదో చెప్పలేం. ‘తేలికపాటి గాలి, అక్కడక్కడ మబ్బు’ అని వరుసగా ఇరవై రోజులు రాసిన పేజీలు ఉన్నప్పుడే ఇరవై ఒకటో రోజు గాలివానకు అర్థం ఏర్పడుతుంది, ఆ ప్రాంతానికి సగటు అన్నది లెక్కకు అందుతుంది.

గాలికి అంకె ఇవ్వడం

‘బలమైన గాలి’ అని ఒక అధికారి రాసినదీ, మరో అధికారి రాసినదీ ఒకటేనా? ఈ చిక్కును ఫ్రాన్సిస్ బోఫర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి తెలివిగా దాటాడు. 1806 జనవరిలో, వూల్‌విచ్ అనే ఓడకు కెప్టెనుగా ఉన్నప్పుడు, గాలి బలానికి వరుస అంకెలు ఇస్తూ తన సొంత పుస్తకంలో ఒక పట్టిక రాసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని మెరుగుపరుస్తూ, ఒక యుద్ధనౌక ఏ గాలిలో ఏ తెరచాపలు ఎత్తి ఉంచగలదు అన్నదాన్ని ప్రతి అంకెకూ ముడిపెట్టాడు. గాలి మనసుకు ఎలా తోచింది అన్న ప్రశ్న దీనితో పక్కకు పోయింది. కెప్టెను ఏమి చేయవలసి వచ్చింది అన్నదే కొలత అయింది. మొదటి అంకెలో చుక్కాని మాట వినేంత గాలి మాత్రమే ఉంటుంది. పన్నెండో అంకె దగ్గర ఏ తెరచాపా నిలవదు. 1838 నుంచి బ్రిటిష్ నౌకాదళమంతటా ఈ కొలమానం తప్పనిసరి అయింది.

దీనివల్ల ఒక అనుకోని మేలు జరిగింది. బోఫర్ట్ కంటే ముందటి లాగ్‌బుక్కులలో గాలికి అంకె ఉండదు, కానీ తెరచాపల మార్పులు ఉంటాయి. పై తెరచాపలను రెండు మడతలు కుదించామని ఒక లాగ్‌బుక్కులో ఉంటే, బోఫర్ట్ వర్ణన ప్రకారం అది దాదాపు ఏడో అంకె గాలి, అంటే నేటి లెక్కలో గంటకు 50 నుంచి 61 కిలోమీటర్లు. యూరోపియన్ యూనియన్ నిధులతో 2000–2003 మధ్య సాగిన ‘క్లైవాక్’ ప్రాజెక్టు 1750–1850 కాలపు ఆంగ్ల, డచ్చి, ఫ్రెంచి, స్పానిష్ లాగ్‌బుక్కులలోని గాలి వర్ణనలను ఇలాగే బోఫర్ట్ అంకెలలోకి మార్చి, రెండున్నర లక్షలకు పైగా నమోదులను అందుబాటులోకి తెచ్చింది.

ఆవిరి ఓడలు వచ్చి తెరచాపలు పోయాక ఈ కొలమానానికి ఆధారం జారిపోయింది. అప్పటి నుంచి అలల తీరును, నురుగును చూసి అంకె నిర్ణయించే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత గాలి వేగాన్ని నేరుగా కొలిచే పరికరాలను ఓడలకు బిగించారు. ఓడలు ఎత్తు పెరిగేకొద్దీ ఆ పరికరాలూ పైకి చేరాయి. పైన గాలి వేగం ఎక్కువ కాబట్టి, సముద్రం మీద గాలి దశాబ్దాల తరబడి బలపడుతున్నట్టు ఒక భ్రమ రికార్డులలో ఏర్పడింది. దాన్ని సరిచేయకుండా ఆ అంకెలను వాడకూడదు.

ఏ తేదీ? ఏ చోటు?

పాత లాగ్‌బుక్కులో ‘22వ తేదీ, మధ్యాహ్నం మూడు గంటలు’ అని ఉంటే అది 22వ తేదీ కాకపోవచ్చు. ఓడ రోజు మధ్యాహ్నం మొదలై మరునాటి మధ్యాహ్నం ముగిసేది. అది ఒడ్డు మీది రోజు కంటే పన్నెండు గంటలు ముందే మొదలయ్యేది. కాబట్టి ఓడ లెక్కలో 22వ తేదీ మధ్యాహ్నం మూడు అంటే ఒడ్డు లెక్కలో 21వ తేదీ మధ్యాహ్నం మూడు. అదే పేజీలో కింద రాసిన 22వ తేదీ ఉదయం తొమ్మిది మాత్రం ఒడ్డు లెక్కలోనూ 22వ తేదీయే. బ్రిటిష్ నౌకాదళం 1805 అక్టోబరులో ఈ పద్ధతిని రద్దు చేసింది. ఇతర ఓడలు అన్నీ ఒకేసారి మారలేదు. ఈ తేడా గమనించకపోతే, ఒకే సాయంత్రం ఒకే తుపానులో చిక్కుకున్న రెండు ఓడలు రెండు వేరు వేరు రోజులలో రెండు తుపానులను చూసినట్టు లెక్క తేలుతుంది.

చోటు విషయంలో చిక్కు ఇంకా పెద్దది. రేఖాంశాలను గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టాలని అంతర్జాతీయ సమావేశం తీర్మానించింది 1884లో. అంతకు ముందు ఎవరి సున్నా వారిది. ఫ్రెంచివారికి పారిస్ సున్నా. డచ్చి ఓడలు తరచుగా కానరీ దీవులలోని టెనెరీఫ్ శిఖరం నుంచి లెక్కపెట్టేవి. టెనెరీఫ్ శిఖరం గ్రీనిచ్‌కు పడమరగా సుమారు పదహారున్నర డిగ్రీల దూరంలో ఉంది. ఒక డచ్చి లాగ్‌బుక్కులో భూమధ్యరేఖ దగ్గర ‘పడమర 10 డిగ్రీలు’ అని ఉంటే, అది నేటి పటంలో ఇరవై ఆరున్నర డిగ్రీల దగ్గర పడుతుంది. సవరించకుండా పటం మీద పెడితే ఓడ తన అసలు చోటు నుంచి 1,800 కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగిపోతుంది. అప్పుడు అట్లాంటిక్ నడుమ కొలిచిన గాలి ఆఫ్రికా తీరానికి దగ్గరలో వీచినట్టు నమోదవుతుంది.

ఒక్క ఓడ రాతల్లోంచి తుపాను ఆకారం

తుపానులు సుడి తిరుగుతాయన్న సంగతి కూడా లాగ్‌బుక్కుల వల్లనే గట్టిపడింది. 1831లో అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్, ఆ తర్వాత బ్రిటిష్ సైనిక ఇంజనీరు విలియం రీడ్, అటుపై కలకత్తాలో ఓడ ప్రమాదాల విచారణలు జరిపిన హెన్రీ పిడింగ్టన్ ఒకే తుపానులో ఉన్న వేరు వేరు ఓడల లాగ్‌బుక్కులను పోగుచేసి, గాలి దిక్కులను పటం మీద గీసి చూశారు.

వారికి దొరికిన ఆధారాలలో చార్లెస్ హెడిల్ అనే ఓడ కథ మరీ స్పష్టమైనది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ సమీపంలో ఆ ఓడ తుపానులో చిక్కుకుంది. గాలికి ఎదురు నిలవలేక, వెనుక నుంచి గాలి నెట్టినట్టే పరుగు తీసింది. ఆ ఓడ ఇలా రోజుల తరబడి, వెయ్యి మైళ్లకు పైగా పరుగెత్తింది. లాగ్‌బుక్కులో గాలి దిక్కు గడిని చూస్తే అది దిక్కులన్నీ చుట్టి మొదటికి వచ్చింది, మళ్లీ చుట్టింది, మళ్లీ వచ్చింది. గాలి తిన్నగా వీచేదే అయితే ఓడ ఎప్పుడో తుపాను దాటి బయటపడేది. తుపాను కేంద్రం చుట్టూ గాలి తిరుగుతోంది కాబట్టి, గాలిని అనుసరించిన ఓడ కూడా ఆ కేంద్రం చుట్టూనే తిరిగింది. అంత దూరం పరుగెత్తీ అది మొదలుపెట్టిన చోటికి పెద్దగా దూరం పోలేదు. ఆ ఓడ మీద ఉన్నవారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూడా వేళకు గాలి దిక్కు రాస్తూ పోవడం వల్లనే ఈ వృత్తం పటం మీద గీయడానికి వీలైంది. పిడింగ్టన్ 1848లో ‘సైక్లోన్’ అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు.

వేల లాగ్‌బుక్కులను ఒక చోట చేర్చడం

చెదురుమదురుగా ఉన్న ఈ రాతలను క్రమపద్ధతిలో వాడినవాడు అమెరికా నౌకాదళానికి చెందిన మాథ్యూ ఫాంటేన్ మోరీ. 1839లో బండి ప్రమాదంలో కాలు దెబ్బతిని సముద్రయానానికి దూరమైన ఆయన, 1842లో వాషింగ్టన్‌లోని పటాల, పరికరాల విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ పేరుకుపోయిన పాత లాగ్‌బుక్కులను తిరగేసి, 1847 నుంచి గాలుల, ప్రవాహాల పటాలు వెలువరించాడు. తన నమూనా ప్రకారం వాతావరణ వివరాలు రాసి పంపే కెప్టెన్లకు ఆ పటాలు ఉచితం. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాల ప్రతినిధులు సమావేశమై, అందరి ఓడలూ ఒకే తరహా నమూనాలో నమోదు చేసే పద్ధతిని అంగీకరించారు. సముద్ర రికార్డులు 1850ల నుంచి ఒక్కసారిగా చిక్కబడటానికి, వార్తలలో ‘1850’ అన్న అంకె కనిపించడానికి ఇది ఒక ప్రధాన కారణం.

బక్కెట్టు మారితే సముద్రం చల్లబడినట్టు కనిపించడం

ఉష్ణోగ్రత కొలత చాలా సులువుగా కనిపిస్తుంది. తాడు కట్టిన బక్కెట్టును సముద్రంలోకి వదిలి, నీళ్లు తోడి, డెక్కు మీదికి లాగి, థర్మామీటరు ముంచి చూడాలి. అయితే చెక్క బక్కెట్టు నీటి వేడిని బాగానే నిలుపుతుంది. కాన్వాసు బక్కెట్టు నిలపదు. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే, తడిసిన కాన్వాసు పైనుంచి నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. థర్మామీటరు స్థిరపడేలోగా గడిచే ఆ కొద్ది నిమిషాలలోనే నీరు డిగ్రీలో కొన్ని పదో వంతులు చల్లబడుతుంది. గాలి ఎక్కువగా ఉంటే, బక్కెట్టు డెక్కు మీద ఎక్కువసేపు ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది.

ఆవిరి ఓడలలో మరో పద్ధతి వచ్చింది. ఇంజన్లను చల్లబరచడానికి లోపలికి తీసుకునే సముద్రపు నీటి ఉష్ణోగ్రతను ఇంజన్ గదిలోనే చూసి రాసేవారు. ఆ గది వేడిగా ఉంటుంది కాబట్టి అక్కడి అంకె అసలు కంటే కాస్త ఎక్కువ చూపేది.

ఊహించిన అంకెలతో దీని ఫలితాన్ని చూద్దాం. సముద్రపు అసలు ఉష్ణోగ్రత 20.0 డిగ్రీలు అనుకుందాం. కాన్వాసు బక్కెట్టు 19.6 చూపుతుంది, ఇంజన్ గది 20.2 చూపుతుంది. ఒక సంవత్సరం వంద ఓడలూ బక్కెట్టే వాడితే సగటు 19.6. మరుసటి సంవత్సరం వాటిలో యాభై ఇంజన్ గది పద్ధతికి మారితే సగటు 19.9. సముద్రం ఏమాత్రం మారకుండానే రికార్డులో 0.3 డిగ్రీల పెరుగుదల వచ్చి చేరింది.

సరిగ్గా ఇలాంటిదే రెండవ ప్రపంచ యుద్ధం చుట్టూ జరిగింది. యుద్ధకాలంలో నమోదైన కొలతలలో అమెరికా ఓడల వాటా బాగా పెరిగింది. అవి ఎక్కువగా ఇంజన్ గది పద్ధతిని పాటించేవి. శత్రువుకు కనిపించకుండా రాత్రి డెక్కు మీద దీపం వెలిగించకూడదు కాబట్టి బయట బక్కెట్టు కొలతలూ తగ్గాయి. 1945 ఆగస్టు తర్వాత బ్రిటిష్ ఓడల బక్కెట్టు కొలతలు మళ్లీ పెద్ద ఎత్తున వచ్చి చేరాయి. దాంతో ప్రపంచ సముద్ర సగటు ఉష్ణోగ్రత హఠాత్తుగా సుమారు 0.3 డిగ్రీలు పడిపోయినట్టు రికార్డులో కనిపించింది. నేల మీది కేంద్రాలలో అప్పుడు అలాంటి పతనం ఏదీ లేదు. ఈ పొంతన లేకపోవడాన్ని పట్టుకుని, కొలత పద్ధతి మారడమే దీనికి కారణమని 2008లో ‘నేచర్’ పత్రికలో పరిశోధకులు వివరించారు.

కాపీ చేసేటప్పుడు జారిపోయిన దశాంశాలు

కొన్ని తప్పులు సముద్రం మీద కాక, ఆ తర్వాత బల్ల మీద జరిగాయి. జపాన్ ఓడల పాత కొలతల సంగతే తీసుకుందాం. వాటిని అమెరికాలో యంత్రాలకు ఎక్కించేటప్పుడు ఒక భాగంలో దశాంశ స్థానాన్ని వదిలేశారని 2019లో వెలువడిన ఒక అధ్యయనం గుర్తించింది. 18.0 నుంచి 18.9 వరకు ఉన్న పది అంకెల సగటు 18.45, దశాంశాలు తీసేస్తే అన్నీ 18 అవుతాయి. అంటే ప్రతి కొలత మీదా సగటున దాదాపు అర డిగ్రీ నష్టం. 1930ల నాటి ఉత్తర పసిఫిక్ అసలు కంటే చల్లగా కనిపించడానికి ఇదొక కారణమని తేలింది. పుస్తకంలో సరిగ్గా రాసిన నావికుడి శ్రమ, ఎక్కడో గదిలో కూర్చుని కాపీ చేసినవారి అజాగ్రత్త వల్ల ఇన్నేళ్లు తప్పుగా చలామణి కావడం బాధ కలిగించే విషయమే.

సవరించడం అంటే తారుమారు చేయడమా

పాత అంకెలను తర్వాతి తరాలవారు మార్చడం మీద అభ్యంతరం చెప్పేవారి వాదనలో బలం లేకపోలేదు. చాలా నమోదులలో ఏ బక్కెట్టు వాడారో రాయలేదు. అలాంటప్పుడు సవరణ కొంతవరకు ఊహ మీద ఆధారపడుతుంది. సవరణ పరిమాణం కొన్నిసార్లు మనం వెతుకుతున్న మార్పు పరిమాణానికి దగ్గరగా ఉంటుంది. వేడెక్కడం కనిపించాలన్న ఉద్దేశంతోనే అంకెలు మార్చారన్న ఆరోపణ కూడా తరచుగా వినిపిస్తుంది.

ఆ చివరి ఆరోపణను మాత్రం లెక్కలు సమర్థించవు. బక్కెట్టు సవరణలు పాత సముద్రాన్ని ఉన్నదానికంటే వెచ్చగా చూపుతాయి. పాతది వెచ్చనైతే, అప్పటికీ ఇప్పటికీ మధ్య తేడా తగ్గుతుంది. అంటే సవరించని ముడి అంకెలతో చూస్తే భూమి మొత్తం మీద దీర్ఘకాలిక వేడి పెరుగుదల సవరించిన దానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇటీవలి దశాబ్దాల సవరణ దీనికి ఎదురు దిశలో పనిచేస్తుందన్న మాటా నిజమే: బోయాలు ఓడల కంటే సుమారు 0.12 డిగ్రీలు తక్కువ చూపుతాయి కాబట్టి, ఓడల నుంచి బోయాలకు మారిన కాలంలో ముడి అంకెలు వేడిని కాస్త తక్కువ చేసి చూపాయి. 2015లో అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఈ సవరణ చేసినప్పుడు పెద్ద వివాదమే రేగింది. 2017లో మరో బృందం బోయాలను మాత్రమే, ఉపగ్రహాలను మాత్రమే, సముద్రంలో మునిగి తేలుతూ తమంతట తామే కొలిచే ఆర్గో తేలియంత్రాలను మాత్రమే విడివిడిగా తీసుకుని పరీక్షిస్తే, మూడూ సవరించిన ధోరణికే దగ్గరగా వచ్చాయి. ఇటీవలి కాలానికి ఇలాంటి స్వతంత్ర పరీక్ష సాధ్యం. 1910కి అది సాధ్యం కాదన్న అభ్యంతరం మాత్రం అలాగే నిలుస్తుంది.

ఓడ వెళ్లని చోట తుపానులు

ఉపగ్రహాలకు ముందు, నడిసముద్రంలో పుట్టి అక్కడే చచ్చిన తుపాను ఏదో ఓడ దారిలో పడితేనే లెక్కలోకి వచ్చేది. తుపాను సూచనలు కనిపిస్తే ఓడలు తప్పుకుని పోయేవి; అందువల్ల రికార్డులకు ప్రశాంత వాతావరణం వైపు మొగ్గు ఉంటుంది. దారులు మారినా ఇదే చిక్కు. 1914లో పనామా కాలువ తెరుచుకున్నాక కేప్ హార్న్ చుట్టూ తిరిగే ఓడలు తగ్గి, ఆ దక్షిణ జలాల మీద కొలతలు పలుచబడ్డాయి.

అట్లాంటిక్ తుపానుల అధికారిక జాబితా 1851 నుంచి ఉంది. ముడి లెక్కలో చూస్తే పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి వాటి సంఖ్య పెరుగుతూ వచ్చింది. ఇందులో నిజమైన పెరుగుదల ఎంత, చూసే కళ్లు పెరగడం వల్ల వచ్చినది ఎంత? దీన్ని తేల్చడానికి అమెరికా శాస్త్రవేత్తలు వెకీ, నట్సన్ చక్కని ఉపాయం పన్నారు. ఉపగ్రహ కాలపు తుపానుల దారులను పాత ఓడల దారుల మీద పరిచి, అప్పటి ఓడలకు వీటిలో ఎన్ని చిక్కేవి కావో లెక్కించారు. తప్పిపోయినవాటిని కలిపితే దీర్ఘకాలిక పెరుగుదల, గణాంకపరంగా చెప్పుకోదగినంతగా మిగలలేదు. తప్పిపోయినవి అంత ఎక్కువ ఉండవని, కాబట్టి పెరుగుదలలో నిజం ఉందని మరికొందరు వాదించారు. 1980ల తర్వాత అట్లాంటిక్‌లో హరికేన్లు చురుకైన మాటను ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. వాదమంతా అంతకు ముందటి వందేళ్ల గురించే.

ఇంకా తెరవవలసిన పుస్తకాలు

పాత లాగ్‌బుక్కులను చదివి కంప్యూటర్లకు ఎక్కించే పని ఇంకా సాగుతోంది. 2010లో మొదలైన ‘ఓల్డ్ వెదర్’ కార్యక్రమంలో సాధారణ పౌరులు మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ యుద్ధనౌకల పేజీలు చదివి, పది లక్షలకు పైగా వాతావరణ నమోదులను ఎక్కించారు. ఆ తర్వాత అమెరికా ఆర్కిటిక్ ఓడల వంతు వచ్చింది. వాటిలో జెనెట్ ఒకటి. ఆ ఓడ 1879 సెప్టెంబరులో మంచులో చిక్కుకుని, దాదాపు రెండేళ్లు మంచుతో పాటే కొట్టుకుపోయి, 1881 జూన్‌లో నలిగి మునిగింది. ఆ కాలమంతా వాతావరణ నమోదు ఆగలేదు. ఓడ మునిగాక మంచు మీద పడవలను లాక్కుంటూ నడిచినవారు లాగ్‌బుక్కులను కూడా మోసుకుపోయారు. వారిలో ఎక్కువ మంది బతికి ఇల్లు చేరలేదు, రాతలు మాత్రం చేరాయి.

ఇలాంటి పీడనం, ఉష్ణోగ్రత అంకెలతో 1836 నుంచి ప్రతి రోజూ భూగోళం మీది వాతావరణం ఎలా ఉండి ఉంటుందో కంప్యూటరు నమూనాతో తిరిగి నిర్మిస్తున్నారు. అయితే 2024లో ‘నేచర్’లో వచ్చిన ఒక అధ్యయనం కొత్త చిక్కును ముందుకు తెచ్చింది. 1900–1930 మధ్య సముద్రపు కొలతలు, నేల మీది కొలతలను బట్టి ఉండవలసిన దానికంటే సగటున 0.26 డిగ్రీలు చల్లగా ఉన్నాయని అది లెక్కగట్టింది. సహజ ఒడుదొడుకులతో ఇంత తేడాను వివరించలేమని, సముద్రపు అంకెలలోనే లోపం ఉండవచ్చని ఆ రచయితల అభిప్రాయం. అదే నిజమైతే ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో వేడి పెరిగిన వేగాన్ని తగ్గించి చెప్పవలసి వస్తుంది. 1850ల నుంచి నేటి వరకు జరిగిన మొత్తం పెరుగుదల మాత్రం పెద్దగా మారదు. ఆ ముప్పై ఏళ్లలో ఏ దేశపు ఓడలు ఏ బక్కెట్టు వాడాయి, నీళ్లు తోడాక ఎంతసేపటికి అంకె చదివాయి అన్నది ఇప్పుడు తేలవలసిన ప్రశ్న.